గొడ్లచావిట్లో చెక్కుడు మర

తరిమెన అనే చక్కని మాట మనకు ఉంది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారు కొయ్యను తిప్పుతూ ఉలితో నునుపు తేల్చే సాధనం అది. ఇనుప పనిలో దాన్నే లేతు అంటున్నాం. అక్కడ పనిముక్క తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. దీనికి తలకిందులుగా, ఉలి గిరగిర తిరుగుతూ ఉంటే పనిముక్క నెమ్మదిగా దాని కింద నడిచే యంత్రం మరొకటి ఉంది. దానికి మాత్రం మనకు మాట లేదు. మిల్లింగ్ మెషీన్ అని ఊరుకుంటున్నాం. నా మటుకు నేను చెక్కుడు మర అని పేరు పెట్టుకున్నాను. నాకు ఈ పని నేర్పిన మేస్త్రీ గారికి ఆ పేరు నచ్చలేదు. "చెక్కడం చేత్తో చేసే పనండీ. దీన్ని మిల్లింగ్ అనే అనండి, అడిగినవాడికి అర్థమవుతుంది" అన్నారు. ఆయన విజయవాడ ఆటోనగరులో నలభై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు మంగళగిరిలో కొడుకు దగ్గర ఉంటున్నారు.

అర్థమవుతుందన్న మాట ఆటోనగరులో నిజం. తుళ్ళూరులో కాదు. మా ఊళ్ళో మిల్లు అంటే మూడే: బియ్యం మిల్లు, పత్తి మిల్లు, కారం మిల్లు. 2022 వేసవిలో మా గొడ్లచావిట్లోకి టన్ను పైచిలుకు బరువున్న యంత్రం దిగిందని తెలిసిన మూడో రోజున, పక్కింటి పెద్దమ్మ ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, గంపకెత్తుకుని వచ్చింది. "మిల్లు పెట్టావటగా నాయనా, బోణీ నాదే కావాలని వచ్చాను" అంది. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి, కాయలు ఎక్కడ పోస్తారో కనబడక, నన్నొక జాలిచూపు చూసి వెళ్ళింది. అన్నట్టు, ఈ యంత్రంలో వాడే ఉలికి ఎండ్ మిల్ అని పేరు. ఆ సంగతి ఆవిడతో చెప్పకపోవడమే మంచిదనిపించింది.

ఆమె పొరపాటు అంత పెద్దదేమీ కాదు. ఆంగ్లంలోనూ మిల్లు అంటే మొదట తిరగలే. పైగా ఈ యంత్రం కథలో పత్తి కూడా ఉంది. పత్తిలోంచి గింజను వేరుచేసే జిన్ను యంత్రానికి 1794లో అమెరికాలో పేటెంటు పొందిన ఎలీ విట్నీయే, 1818 ప్రాంతంలో తొలి మిల్లింగ్ యంత్రాన్నీ నిర్మించాడని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. తర్వాతి చరిత్రకారులు ఆ ఘనతను అతనొక్కడికే కట్టబెట్టడానికి ఒప్పుకోలేదు. అక్కడి తుపాకుల కార్ఖానాల్లో, ఆకురాయితో గంటలకొద్దీ రాయవలసిన పనిని తప్పించుకోవడానికి పలువురు పనివాళ్ళు పలుచోట్ల తంటాలు పడగా రూపు కట్టిన యంత్రమిది. నాకు ఈ రెండో కథే నమ్మదగినదిగా కనిపిస్తుంది. పనిముట్లు సాధారణంగా అలాగే పుడతాయి. పేరు మాత్రం ఒకరికి దక్కుతుంది. మా చావిట్లో ఉన్నది టర్రెట్ రకం. దీని మూలరూపం 1938లో అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో తయారయింది. మన దేశంలో హెచ్.ఎం.టి. వారి ఎం1టీఆర్ అన్న నమూనా పేరే ఈ జాతి మొత్తానికీ వాడుక పేరైపోయింది. మాది ఆ పోలికతో పంజాబులోని బటాలాలో పోతపోసిన పాత సరుకు. పేరుపలక ఊడిపోయి రెండు రివెట్ల గుర్తులు మాత్రం మిగిలాయి.

ఇంతకూ గొడ్లచావిట్లోకి ఎందుకు వచ్చిందో చెప్పాలి. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు మా నాన్నగారు తమ మూడున్నర ఎకరాల మెట్ట ఇచ్చారు. నల్లరేగడి. పత్తి, మిరప పండేది. మెట్టకు ఎకరానికి ఏడాదికి ముప్ఫై వేలు, జరీబుకు యాభై వేలు చొప్పున, ఏటా పదో వంతు పెంచుతూ పదేళ్ళు కౌలు ఇస్తామన్నారు. తిరిగి ఇచ్చే స్థలం మెట్ట ఎకరానికి వెయ్యి గజాలు నివాసానికి, రెండువందల యాభై గజాలు వ్యాపారానికి. ఇవన్నీ కాగితం మీది లెక్కలు. చావిట్లో జరిగింది ఇంకా సూటిగా ఉంటుంది: మేపు లేదు గనుక గొడ్లను అమ్మేశారు. కుడితి తొట్టి ఎండింది. కట్టుగొయ్యలు మిగిలాయి. ఊళ్ళోని ఇళ్ళు గ్రామకంఠం కింద సమీకరణకు బయటే ఉన్నాయి కాబట్టి చావిడి మాత్రం మాదే.

నాన్నగారు మాత్రం ఊరుకునే మనిషి కారు. పెదకూరపాడు వైపు ఆరెకరాలు కౌలుకు తీసుకుని, ట్రాక్టరు మీద వెళ్ళి సేద్యం చేస్తూ వచ్చారు. ఆ ట్రాక్టరు హెచ్.ఎం.టి. 3522. హర్యానాలోని పింజోరులో, హెచ్.ఎం.టి. వారు చెకోస్లొవేకియా జెటార్ సాయంతో 1971లో మొదలుపెట్టిన ట్రాక్టర్ల వంశంలోది. అదే పింజోరులో మిల్లింగ్ యంత్రాలూ చేసేవారు. 2016లో ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మూతపడిన కంపెనీ బండికి విడిభాగాలు దొరకవని కాదు. దొరుకుతాయి, కాని పాతబళ్ళను విప్పి అమ్మేవారి దగ్గర, అరిగినవి. కరోనా మూలంగా 2020లో నేను హైదరాబాదు నుంచి వచ్చి ఇంటి నుంచే ఉద్యోగం చేయడం మొదలుపెట్టాక, నెలకొకసారైనా గుంటూరుకో ఆటోనగరుకో ఏదో ఒక ఇనుప ముక్క పట్టుకుని వెళ్ళడం నా విధుల్లో చేరింది. అక్కడి షెడ్డుల్లో నిలబడి చూసినప్పుడే, ఈ పని నేర్చుకుంటే బాగుండునన్న కోరిక పుట్టింది. కోరికలో అవసరం ఎంత, సరదా ఎంత అని మా ఆవిడ అడిగింది. సగం సగం అన్నాను. ఆమె నమ్మలేదు.

యంత్రం దించిన రోజున మేస్త్రీ గారు మొదట చూసింది యంత్రాన్ని కాదు, నేలను. చావిడి మూల బూటుకాలితో తన్ని, నెర్రెలోకి వేలు పెట్టి చూశారు. మే నెల. వేలు మొదలంటా దిగింది. నల్లరేగడి సంగతి మా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు: వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను రేణువుల పొరల మధ్యకు నీరు చేరడం వల్ల ఈ ఉబ్బు వస్తుంది. ఇలాంటి నేలలో ఇల్లు కట్టేటప్పుడు మా ఊళ్ళో పునాది గుంట లోతుగా తీసి కృష్ణ ఇసుక నింపడం పాత పద్ధతి. ఇంజనీర్లు దీని మీద చాలా శ్రమపడ్డారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు గడ్డలాంటి భాగం ఉండే స్తంభాలను ప్రచారంలోకి తెచ్చింది. బొంబాయి ఐఐటిలో ఆచార్య కట్టి ఉబ్బని జిగటమట్టిని పొరగా పరిచే విధానాన్ని రూపొందించారు. మేము ఆ రెంటిలో దేనికీ తూగేవాళ్ళం కాదు. నాలుగడుగుల గుంట తీసి, గ్రావెలు పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, పైన అడుగు మందం కాంక్రీటు పలక పోశాం.

"బోల్టులు పాతాలా?" అని అడిగాను. కాంక్రీటులో బోల్టులు పాతి యంత్రాన్ని బిగించడమే శాస్త్రమని చదివి ఉన్నాను.

"పాతకండి" అన్నారాయన. "పలక వంగిందనుకోండి, బిగించిన బోల్టులు మిషను మంచాన్ని కూడా వంచుతాయి. రబ్బరు పాదాల మీద నిలబెడదాం. నేల ఒరిగితే మిషనూ ఒరగనివ్వండి. ఒరిగితే నష్టం లేదు, మెలిపడితేనే నష్టం."

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. యంత్రం ఖచ్చితంగా సమతలంలో ఉండాలి, అప్పుడే పనిముక్క ఖచ్చితంగా వస్తుంది అన్నది నా మనసులోని బొమ్మ. ఆయన అరువు తెచ్చిన రసమట్టం, మీటరు పొడవుకు ఒక వెంట్రుక మందం తేడా ఉన్నా బుడగ జరిగేటంత సున్నితమైనది, బల్ల మీద పెట్టి పాదాలు తిప్పుతూ బుడగను నడిమికి తెచ్చేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత ఆయన రసమట్టాన్ని పెట్టెలో పెట్టేసి, "ఇది అయింది. ఇప్పుడు అసలుది" అని డయల్ గేజీ తీశారు. తిరిగే కండెకు గేజీని తగిలించి, దాని ముల్లు బల్లను తాకేట్టు ఉంచి, చేత్తో ఒక చుట్టు తిప్పారు. కండె బల్లకు నిట్టనిలువుగా ఉంటే చుట్టంతా ముల్లు కదలకూడదు. తల ఏ మాత్రం పక్కకు వాలినా ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ చూపుతుంది. టర్రెట్ యంత్రంలో తలను కావలసిన కోణానికి వంచుకునే వీలుంది. అదే దాని బలం, అదే దాని బలహీనత. దీన్ని ట్రామ్ చేయడం అంటారు. అందులోనూ రెండు గంటలు గడిచాయి. రసమట్టం యంత్రానికి భూమితో ఉన్న సంబంధాన్ని చెబుతుంది. డయల్ గేజీ యంత్రానికి తనతో తనకున్న సంబంధాన్ని చెబుతుంది. కొయ్యబడే ఇనుముకు కావలసింది రెండోది మాత్రమే.

విద్యుత్తు సంగతి త్వరగా ముగిస్తాను. ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజు, మోటారుకు కావలసింది త్రీ ఫేజు. నడుమ వి.ఎఫ్.డి. అనే పెట్టె పెడితే సరిపోయింది. వేగం తగ్గించుకునే వీలు కూడా దానితోనే వచ్చింది.

మేస్త్రీ గారు ఆదివారాలు వచ్చేవారు. మొదటి ఆరు వారాలు నా చేత చేయించింది ఒకటే పని: ఇటుకలో నాలుగో వంతు ఉండే ఇనుప దిమ్మెను ఆరు ముఖాలూ చదునుగా, ఒకదానికొకటి మూలమట్టంగా చేయడం. చెప్పడానికి ఇంతే. ముందు ఒక ముఖం చదును చేయాలి. ఆ ముఖాన్ని వైసులోని కదలని దవడకు ఆనించాలి. కదిలే దవడకూ దిమ్మెకూ నడుమ గుండ్రటి చువ్వ ఒకటి పెట్టి బిగించాలి. చువ్వ ఎందుకంటే, దిమ్మెకు ఆ వైపు ముఖం ఇంకా వంకరగానే ఉంది. దవడ మొత్తం దాన్ని పట్టుకుంటే ఆ వంకర ఇటువైపు మంచి ముఖాన్ని దవడ నుంచి లేపేస్తుంది. చువ్వ ఒక్క గీత మీదనే ఒత్తుతుంది గనుక మంచి ముఖం కదలని దవడకు పూర్తిగా అతుక్కుంటుంది. ఒక సరైన ముఖం ఉంటే దాని నుంచి రెండోది, రెండోదాని నుంచి మూడోది. కోసిన ప్రతిసారీ అంచుల్లో లేచిన గరుకును ఆకురాయితో తీసేయాలి; తీయకపోతే ఆ గరుకే కింద చేరి కొలతను తినేస్తుంది.

వీటికన్నా ముందు పాటించవలసిన ఆచారాలు ఉన్నాయి. చేతికి తొడుగు వేసుకోరాదు, ఎందుకంటే కట్టరు చర్మాన్ని కోసి వదులుతుంది గాని, గుడ్డను పట్టుకుంటే చేయి మొత్తాన్ని లాక్కుంటుంది. లుంగీ పనికిరాదు. చావిట్లో అడుగుపెట్టే ప్రతివారూ తువ్వాలు తీసి కట్టుగొయ్యకు తగిలించి రావాలి. నాన్నగారి భుజం మీది కండువాకూ మినహాయింపు లేదు. ఆయన కండువా లేకుండా నలుగురిలో నిలబడటం నేను చూడటం బహుశా అదే మొదటిసారి.

కట్టరు వేగానికి ఒక లెక్క ఉంది. మెత్తటి ఉక్కును హెచ్.ఎస్.ఎస్. కట్టరుతో కోస్తే అంచు నిమిషానికి ఇరవై ఐదు మీటర్ల వేగంతో నడవాలి. ఎనిమిది మిల్లీమీటర్ల కట్టరుకు అది నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు, పదహారుకు ఐదువందలు. నేను ఈ లెక్కను కాగితం మీద రాసి గోడకు అంటించాను. మేస్త్రీ గారు కాగితం వైపు చూడరు. రజను వైపు చూస్తారు. వెండి రంగులో వంకీలు తిరిగి రాలితే తల ఊపుతారు. పొగ వచ్చి నీలం రంగు తిరిగితే చేయి చాచి వేగం తగ్గిస్తారు. మజ్జిగలా ఉండే కూలెంటు ధార ఎక్కడ పడుతుందో సరిచేస్తారు. ఆయన లెక్కా నా లెక్కా దాదాపు ఎప్పుడూ ఒకే చోటికి చేరేవి. నేను సంఖ్య నుంచి రంగుకు వెళ్తున్నాను, ఆయన రంగు నుంచి సంఖ్యకు వస్తారు.

కొలతల భాషలోనూ ఇలాంటి తేడానే ఉంది. నాది మిల్లీమీటర్ల చదువు. ఆయన పెద్ద కొలతలన్నీ అంగుళాల్లో, నూళ్ళలో చెబుతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. తాపీపనివారూ వడ్రంగులూ నేటికీ వాడే మాటే. హిందీలో సూత్ అన్నా దారమే. ఇనుప చువ్వను దారంతో కొలిచే ఈ అలవాటు పత్తి పండే ఊళ్ళో నాకు ముచ్చటగా తోస్తుంది. సూక్ష్మమైన కొలతలకు వచ్చేసరికి ఆయన కూడా మిల్లీమీటరులో నూరో వంతుల్లోకి దిగుతారు. నడుమ ఏమీ లేదు: నూలు, లేదా పాయింటు.

ఇక రోటవేటరు సంగతి. దీని కోసమే ఇదంతా రాస్తున్నానని కూడా అనుకోవచ్చు.

మిల్లింగులో కోత రెండు రకాలు. తిరిగే కట్టరు పళ్ళకు ఎదురుగా పనిముక్కను నడిపించడం ఒకటి. పళ్ళు వెళ్ళే దిక్కుకే పనిముక్కను నడిపించడం మరొకటి. మొదటిది ఎదురు కోత, రెండోది వెంబడి కోత అనుకుందాం. ఎదురు కోతలో పన్ను మొదట రాసుకుంటూ మొదలై, పోగా పోగా మందంగా కోస్తుంది. వెంబడి కోతలో మొదటే మందంగా దిగి, పల్చబడుతూ బయటికి వస్తుంది. అందువల్ల పని నునుపుగా వస్తుంది, కట్టరు ఎక్కువకాలం మన్నుతుంది. మరి ఎప్పుడూ వెంబడి కోతే కోయవచ్చు కదా అంటే, పాత యంత్రం మీద అది ప్రమాదం. ఎందుకో మేస్త్రీ గారు రెండు ఆదివారాలు చెప్పారు. నేను బొమ్మలు గీసుకున్నాను, బాణాలు వేసుకున్నాను. తల ఊపాను గాని లోపల చిక్కు విడలేదు.

మూడో ఆదివారం నాన్నగారు చావిడి గడపలో కూర్చుని వింటున్నారు. కాసేపటికి, "మేస్త్రీ గారూ, ఇది మన రోటవేటరు కాదూ?" అన్నారు.

మేస్త్రీ గారికి సేద్యం తెలియదు. ఆగి చూశారు.

"ఏరా, నాగలి మట్టిని ఎట్లా లేపుద్ది? కింద నుంచి పైకి. ట్రాక్టరు గుంజాలి, లేకపోతే కదలదు. రోటవేటరు అట్లా కాదు. దాని కత్తులు చక్రాలు తిరిగే దిక్కుకే తిరుగుతయ్యి. పై నుంచి కిందకి నరుకుతయ్యి. గట్టి నేల తగిలిందనుకో, కత్తులు నేలను పట్టుకుని బండినే ముందుకి తోస్తయ్యి. వెనక నుంచి ఎవడో నెట్టినట్టుంటది. అందుకే బెట్ట నేలలో రోటవేటరు వేసేవాడు క్లచ్చి మీద కాలు తీయడు."

నాకు చప్పున తెలిసింది. వెంబడి కోతలో కట్టరు పనిముక్కను పట్టుకుని, నడిచే దిక్కుకే ఇంకా లాగుతుంది. లాగితే ఏమవుతుంది? బల్లను నడిపే మరచుట్టకూ దాని నట్టుకూ నడుమ అరుగుదల వల్ల ఖాళీ ఉంటుంది. మా యంత్రంలో అది మిల్లీమీటరులో పది పాళ్ళలో నాలుగు పాళ్ళు. బల్ల ఆ ఖాళీ మేరకు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ దూకుడుకు పన్ను మోయలేనంత ఇనుము అడ్డం పడి కట్టరు విరుగుతుంది.

నేను ఈ ఖాళీ మాట ఎత్తేలోపే నాన్నగారు దాన్నీ అందుకున్నారు. "ట్రాలీ పిన్ను వదులుగా ఉందనుకో. ఎగువకి గుంజేటప్పుడు ఏం తెలవదు. పల్లానికి దిగేటప్పుడు ట్రాలీ వచ్చి వీపు మీద గుద్దుద్ది. ఆ వదులే ఇది."

మేస్త్రీ గారు చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టేశారు. "పెద్దాయన గారూ, ముప్ఫై మంది కుర్రాళ్ళకు చెప్పుంటాను ఈ సంగతి. ఇంత తేలిగ్గా చెప్పలేదండీ ఎప్పుడూ" అన్నారు. నాన్నగారు లేచి, కండువా తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. పొగడ్త ఎదుట నిలబడటం ఆయనకు రాదు. వచ్చే ఆదివారం నుంచి మాత్రం గడపలో కాకుండా లోపల, కుడితి తొట్టి అంచు మీద కూర్చున్నారు. మేస్త్రీ గారు నన్ను "మీరు" అనడం మానేసి "అబ్బాయ్, నువ్వు" అనడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఇల్లు తెలిసింది గనుక కాబోలు.

2015 తర్వాత నాన్నగారు తన పొలంలో నాగలి దించలేదు. పెదకూరపాడులోది పరాయి నేల. దాన్ని ఆయన శ్రద్ధగానే చేస్తారు. కాని దాని గురించి మాట్లాడరు. మా మూడున్నర ఎకరాల గురించి మాత్రం ఎక్కడ ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ చాలులో గుంటకకు రాయి తగులుతుందో ఇప్పటికీ చెబుతారు. ఆ చేను ఇప్పుడు లేదు. గట్లు పోయాయి. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చాక పనులు ఆగిపోయి, ఆ భూములన్నీ ముళ్ళతుమ్మ అడవైపోయాయి. ఊళ్ళో ఆడవాళ్ళు, మా అమ్మతో సహా, ఆకుపచ్చ కండువాలు వేసుకుని ఏళ్ళ తరబడి దీక్షా శిబిరంలో కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. ఆ తీర్పు వచ్చినా తుమ్మ పెరగడం ఆగలేదు. నాన్నగారు ఒకసారి చేను చూసొస్తానని వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చారు. "ఏది మనదో తెలవలా" అన్నారు. అంతే.

మిల్లింగులో కొలత మొదలయ్యేది సున్నాతో. డయలు మీద సున్నా యంత్రానికి పుట్టుకతో వచ్చేది కాదు. పనిముక్క అంచును తాకి, ఇదీ సున్నా అని మనం తిప్పి పెట్టుకోవాలి. అది పెట్టేందుకు ఎడ్జ్ ఫైండరు అనే చిన్న సాధనం ఉంది: తిరుగుతూ ఊగే చిన్న స్తంభం అంచుకు తగులుతూ తగులుతూ, ఊగడం ఆగి, చటుక్కున పక్కకు జారుతుంది. జారిన చోటు నుంచి దాని అర్ధవ్యాసం తీసేస్తే అంచు. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి తాకాలి, లేకపోతే ఇందాకటి వదులు కొలతలోకి చొరబడుతుంది. ఇది నేర్చుకుంటున్న రోజుల్లో నాన్నగారు నన్ను ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవారు: "ఏరా, నీ గట్టు ఏది?"

సెప్టెంబరు వచ్చింది. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. చావిడి చుట్టూ నెర్రెలు పూడిపోయి నేల బిగిసింది. మేస్త్రీ గారు రసమట్టాన్ని మళ్ళీ అరువు తెచ్చారు. బల్ల మీద పెట్టగానే బుడగ వెళ్ళి ఒక మూల నక్కింది. నాలుగడుగుల గ్రావెలు, అడుగు కాంక్రీటు, అన్నిటినీ కలిపి నల్లరేగడి ఒక పక్కకు ఎత్తింది. నా ముఖం చూసి ఆయన, "మేలో చేసిన దిమ్మె ఉందా? అలాంటిదే ఇప్పుడొకటి చెయ్యి" అన్నారు. చేశాను. రెండు దిమ్మెల్నీ మూలమట్టానికి ఆనించి వెలుతురుకు పట్టి చూశాం. రెంటికీ మూలమట్టానికీ నడుమ వెలుగు దూరలేదు. యంత్రం నేలతో పాటు ఒరిగింది, కాని మెలిపడలేదు. బల్లా కండే తమలో తాము మూలమట్టంగానే ఉన్నాయి. బోల్టులు పాతవద్దన్న మాటకు నాలుగు నెలల తర్వాత అర్థం దొరికింది.

ఈ నేల మీద పెద్ద పునాదుల కథ కూడా మా కళ్ళముందే నడిచింది. సచివాలయ టవర్ల కోసం 2018 డిసెంబరులో రాఫ్టు పునాదుల కాంక్రీటు పోయడం మొదలైంది. తర్వాత పనులు ఆగి, ఆ పునాదులు ఏళ్ళపాటు నీళ్ళలో నానాయి. 2024లో ప్రభుత్వం మారాక ఐఐటి నిపుణులు వచ్చి కట్టడాల గట్టిదనాన్ని పరీక్షించారు, నీరు తోడించారు. ఆ ఆగస్టులోనే ముళ్ళతుమ్మ కొట్టడమూ మొదలైంది. 2025 మే 2న పనులు మళ్ళీ ప్రారంభమయ్యాయి. నిపుణులు పునాదులకు ఏమేం గేజీలు పెట్టి చూశారో దగ్గర నుంచి చూడాలని నాకు చాలా ఉండేది. కంచె బయటి నుంచి పంపుల చప్పుడు మాత్రం విన్నాను.

నేర్చినది మొదటిసారి నిజంగా అక్కరకు వచ్చింది 2022 డిసెంబరులో. అంతకు ముందటి ఏడు నల్ల తామరపురుగు మిరప పూతలో చేరి మా ప్రాంతంలో తోటలకు తోటలనే తుడిచిపెట్టింది. చాలామంది చేతికి పెట్టుబడి కూడా రాలేదు, మాకూ రాలేదు. అందుకని ఈసారి పూత దశలో ఒక్కరోజు ఆలస్యమైనా నాన్నగారికి నిద్ర పట్టేది కాదు. సరిగ్గా అప్పుడు ట్రాక్టరుకు తగిలించే మందు పంపు షాఫ్టు విరిగింది. విరిగిన చోటు కీ గాడి మూల. పదునైన మూల దగ్గర ఒత్తిడి పోగుపడి, అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. విరుపు ముఖం మీద తీరపు అలల్లాంటి గీతలు కనిపించాయి. గుంటూరులో అడిగితే వారం అన్నారు.

షాఫ్టును లేతు మీద తరిమెన పట్టి ఇచ్చేందుకు మేస్త్రీ గారి స్నేహితులు ఒకరు ఒప్పుకున్నారు. గాడి మాత్రం చావిట్లో. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల షాఫ్టుకు ప్రమాణం ప్రకారం కీ ఎనిమిది వెడల్పు, ఏడు ఎత్తు. షాఫ్టులో నాలుగు మిల్లీమీటర్ల లోతు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం. షాఫ్టు నడిమిని పట్టుకోవడం ఒక పని: రెండు వైపులా అంచు తాకి, మొత్తాన్ని సగం చేసి, అక్కడ సున్నా. రెండు పళ్ళ కట్టరు. ఒకసారికి అర మిల్లీమీటరు చొప్పున ఎనిమిది దఫాలు. మేస్త్రీ గారు మంగళగిరిలో ఉన్నారు, ఫోనులో కూడా లేరు, పడుకుని ఉంటారు. కుడితి తొట్టి మీద నాన్నగారు. ప్రతి దఫా మొదట్లో ఆయన పెదవులు కదిలేవి, లెక్క పెడుతున్నారు. ఆరో దఫాలో రజను కాస్త పసుపు తిరిగితే నాకన్నా ముందు "తగ్గించు" అన్నారు. కీ వేలితో నొక్కితే దిగకుండా, కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలకు దిగింది. అలా దిగడమే సరైన బిగువు. తెల్లవారుజామున ట్రాక్టరు పెదకూరపాడు దారి పట్టింది. ఆ ఏడు మిరప మరీ గొప్పగా ఏమీ పండలేదు, కాని పండింది. మందు పంపుకు మళ్ళీ షాఫ్టు మార్చవలసిన పని ఇంతవరకూ పడలేదు.

ఇప్పుడు బల్ల మీద ఉన్న పని ఇంకా కష్టమైనది. ట్రాక్టరు పి.టి.ఒ. షాఫ్టు పళ్ళు అరిగాయి. ఆరు పళ్ళు, వ్యాసం అంగుళం మీద మూడు నూళ్ళు. ఈ కొలత నాన్నగారికి నోటికి వచ్చు. చిన్నా పెద్దా ట్రాక్టర్లలో చాలావాటికి అదే. ఈఎన్ 19 ఉక్కు చువ్వ తెచ్చాం. పళ్ళు కోశాక గట్టిదనం ఎక్కించడానికి బయటికి పంపాలి. చుట్టును ఆరు సమభాగాలు చేసేందుకు డివైడింగ్ హెడ్ అనే సాధనాన్ని మేస్త్రీ గారు తన పాత పరిచయాల మీద సంపాదించారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఇప్పుడు నెలకొకసారే వస్తున్నారు. అందులో పిడిని నలభై చుట్లు తిప్పితే పనిముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆరు భాగాలంటే నలభైని ఆరుతో భాగించాలి: ఆరు పూర్తి చుట్లు, ఇంకా మూడింట రెండు వంతుల చుట్టు. ఆ రెండు వంతుల కోసం పద్ధెనిమిది రంధ్రాల వలయం మీద పన్నెండు రంధ్రాలు లెక్కించాలి. నాన్నగారు అది పళ్ళెం మీద మిరపగింజలు పేర్చి సరిచూసుకున్నారు. రంధ్రాలు లెక్కపెట్టేటప్పుడు పిడి ఉన్న రంధ్రాన్ని లెక్కలోకి తీసుకోకూడదని రెండుసార్లు చెప్పారు. ఆదివారం మొదటి పన్ను కోస్తాం.